సర్టిఫికెట్ అడగని పాఠం

అందరికీ అందే తరగతి కోసం ఉద్యమ ప్రారంభ ప్రణాళిక

మేం టీచర్లం. ఎక్కువమందిమి మండల పరిషత్, జిల్లా పరిషత్ బడుల్లో పనిచేస్తున్నాం. మాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే భవిత కేంద్రాల ఐఈఆర్‌పీలు ఉన్నారు, ప్రైవేటు బడుల్లో చెప్పేవాళ్లు ఉన్నారు, పిల్లల్ని చంకనేసుకుని బడికి తెచ్చి మళ్లీ సాయంత్రం తీసుకెళ్లే తల్లులు ఉన్నారు. చూపు లేకుండానే డిగ్రీ దాకా చదివినవాళ్లు, వినపడక పదో తరగతితో ఆగిపోయినవాళ్లు కూడా ఉన్నారు. అందరం కూర్చుని ఈ కాగితం రాసుకున్నాం. ఉద్యమానికి పేరు ఇంకా పెట్టలేదు. పేరు దగ్గర తగువులాడే ఓపిక ఉన్నవాళ్లు ఆ పని తర్వాత తీరిగ్గా చేస్తారు.

మేం చెప్పదలచుకున్నది ఒకటే. పాఠం తయారు చేసుకునేటప్పుడే తరగతిలో ఉన్న అందరు పిల్లల్నీ లెక్కలోకి తీసుకోవాలి. ముందు 'మామూలు పిల్లల' కోసం పాఠం తయారుచేసి, మిగిలినవాళ్లకు తర్వాత అతుకులు వేసే పద్ధతి పోవాలి. దీన్నే ప్రపంచం యూనివర్సల్ డిజైన్ అంటోంది. తరగతి గదిలో ఇది ఎలా ఉంటుందో, ఎలా ఉండకూడదో, దానికోసం మేమేం చేస్తామో, ప్రభుత్వాన్ని ఏమడుగుతామో కింద రాశాం.

శాతాల లెక్క

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. పాపకు సరిగా కనపడటం లేదని టీచరుకు అనుమానం వస్తుంది. వైకల్యం కొలిచే సదరం క్యాంపుకు తీసుకెళ్లమని అమ్మకు చెబుతారు. స్లాటు దొరికిన రోజున అమ్మ కూలి మానుకుని ఆస్పత్రికి వెళ్తుంది. వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉందని డాక్టర్లు రాస్తే సర్టిఫికెట్ వస్తుంది, దాని వెనకే పింఛను, బస్‌పాసు, పరీక్షలో అదనపు సమయం వస్తాయి. 35 అని రాస్తే ఇవేవీ రావు. మర్నాడు పాప మళ్లీ అదే మూడో బెంచీలో కూర్చుని పక్కపిల్ల నోటుబుక్కులోంచి ఎక్కించుకుంటుంది.

పింఛనుకు శాతం కావాలి, ఒప్పుకుంటాం. డబ్బు పంచేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. బోర్డు మీద అక్షరం పెద్దగా రాయడానికి శాతం దేనికి? రాసిందాన్ని గట్టిగా చదివి వినిపించడానికి ఏ డాక్టరు సంతకం కావాలి?

పైగా ఏ క్యాంపూ కొలవని ఇబ్బందులు మా బడుల్లో కొల్లలు. చెవి కారే పిల్లవాడికి జలుబు చేసిన వారం మాట సరిగా వినపడదు, తగ్గాక వినపడుతుంది. క్యాంపు రోజున చెవి బాగుంటే అతను ఏ లెక్కలోనూ ఉండడు. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో సగం మాటలు ఊహించుకుంటూ కూర్చుంటుంది. ఇటుక బట్టీలకు వెళ్లిన కుటుంబంతో వలసపోయి సంక్రాంతి దాటాక తిరిగొచ్చినవాడు గుణకారాల దగ్గర వదిలేసి భాగహారాల మధ్యలో దిగుతాడు. పత్తి ఏరే రోజుల్లో బడికొచ్చి నిద్రపోయేవాళ్ల సంగతి ప్రతి టీచరుకూ తెలుసు. వీళ్లందర్నీ మనం ఒకే గంపలో వేసి 'స్లో లెర్నర్స్' అంటున్నాం, లేదా సీ గ్రేడ్ అంటున్నాం. స్టాఫ్‌రూములో అనే మాటలు ఇక్కడ రాయడం లేదు.

సర్టిఫికెట్ అడగని పాఠం అంటే ఇదే. ఎవరికి ఏముందో తేలేదాకా ఆగదు. ఉన్నా లేకపోయినా ఎవరూ బయట పడకుండా ముందే చూసుకుంటుంది.

ర్యాంపు ఒకటి, చక్రాల కుర్చీ ఒకటి

యూనివర్సల్ డిజైన్ అనే ఆలోచన భవనాల నుంచి వచ్చింది. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలో తిరిగిన రాన్ మేస్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ దీనికి ఆద్యుడు. భవనం కట్టేశాక వెనకవైపు వికలాంగుల కోసం ఒక దారి తగిలించే అలవాటు ఆయనకు నచ్చలేదు. అందరూ ఒకే గుమ్మంలోంచి వెళ్లేలా మొదటే గీయాలన్నాడు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆయన బృందం 1997లో దీనికి 7 సూత్రాలు రాసింది. అంతకు ముందే, 1984లో, మసాచుసెట్స్‌లో ఆన్ మేయర్, డేవిడ్ రోజ్ మరికొందరితో కలిసి కాస్ట్ అనే సంస్థ పెట్టారు. మొదట్లో వాళ్లు కంప్యూటర్లతో ఒక్కొక్క పిల్లకూ సాయం చేసేవాళ్లు. కొన్నాళ్లకు లోపం పిల్లల్లో కన్నా పాఠ్యపుస్తకంలోనే ఉందని తేల్చుకుని అటు తిరిగారు. వాళ్ల చట్రాన్ని మూడు ప్రశ్నల్లో చెప్పొచ్చు. పిల్ల ఈ పాఠంలోకి రావాలని ఎందుకు అనుకుంటుంది? విషయం ఆమెకు ఎన్ని దారుల్లో అందుతోంది? నేర్చుకున్నది ఆమె ఎన్ని రకాలుగా చూపించగలదు?

మన బడుల్లో ర్యాంపుల్ని చూస్తే ఈ ఆలోచనలో మంచీ తెలుస్తుంది, మనం చేసే పొరపాటూ తెలుస్తుంది. ర్యాంపు మీద రోజూ తిరిగేది ఎక్కువగా మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, మంచినీళ్ల క్యాన్లు, అంగన్‌వాడీ పసివాళ్లు. ఒక్కరి కోసం వేసిన దారి అందరికీ పనికొచ్చింది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపు లెక్క. మేం చూసిన కొన్ని ర్యాంపులు నాలుగడుగుల్లో ముగిసి, చివర మళ్లీ ఒక మెట్టుతో ఉన్నాయి. ఫొటోలో మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. పాఠానికి కూడా అలాంటి ర్యాంపులు కడితే ఈ ఉద్యమం ఎందుకు?

ఇంకో సంగతి ఇక్కడే తేల్చాలి. ర్యాంపు ఉంది కదా అని చక్రాల కుర్చీ లాక్కోం. పాఠం అందరికీ పనికొచ్చేలా తయారైనా చూపు లేని పిల్లకు బ్రెయిలీ నేర్పే మనిషి కావాలి, వినపడని పిల్లలకు సైగల భాష కావాలి, ఫిజియోథెరపీ కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ రెంటినీ వేరువేరుగా నిర్వచించింది: అందరికీ సరిపడేలా మొదటే రూపొందించడం ఒకటి, ఒక మనిషి అవసరాన్ని బట్టి చేసే సర్దుబాటు ఇంకొకటి. రెండూ కావాలి. తరగతి అందరిదీ అయిపోయింది కాబట్టి స్పెషల్ టీచర్ల పోస్టులు అక్కర్లేదని రేపు ఏ ఫైలైనా నడిస్తే, మా పేరు వాడుకుంటే, మొదట ఎదిరించేది మేమే.

మనవాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు

అమెరికా పేర్లు చెప్పామని ఇది దిగుమతి సరుకు అనుకోవద్దు. గిడుగు వెంకట రామమూర్తిని మనం ఆగస్టు 29న దండవేసి తలుచుకుంటాం, ఆయన చేసిన పని మాత్రం తరగతి గదిలోకి రానివ్వం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలో వాచకాలు రాశారు, తన డబ్బుతో బళ్లు పెట్టించారు. మన్యం తిరుగుళ్లలో జ్వరం పట్టుకుంటే వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఆ చెవుడుతోనే తర్వాతి ఉద్యమమంతా నడిపారు. పిల్లలు ఇంట్లో, వీధిలో మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటి. గ్రాంథికం రాని పిల్లవాడిది లోపమని పండితులు అన్నారు, పుస్తకానిదే లోపమని ఆయన అన్నారు. వ్యావహారిక భాషోద్యమాన్ని మేం తెలుగు తరగతి గదిలో మొదటి యూనివర్సల్ డిజైన్ ఉద్యమంగానే లెక్కేస్తాం. సాహిత్య చరిత్రకారులు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

ఆ దారిలోనే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కోయ, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టింది. ఇంటి భాషలో మొదలై మెల్లగా తెలుగులోకి నడిపించే పద్ధతి అది. ప్రభుత్వం తలుచుకుంటే చేయగలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సంగతి టీచర్లందరూ తెలుసుకోవాలి. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ అక్కడ కార్డుల పద్ధతి ఒకటి తయారుచేశారు. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు. గోడమీద నేర్చుకునే నిచ్చెన. ఒక్కో మెట్టుకు ఒక్కో కార్డు, కార్డు మీద ఒక గుర్తు. ఆ గుర్తు చూసి ఒంటరిగా చేయాల్సిన పనా, జట్టుగా చేయాల్సినదా, టీచరు దగ్గరికి వెళ్లాల్సినదా అన్నది ఇంకా చదవడం రాని పిల్లకు కూడా తెలుస్తుంది. నెలరోజులు బడి తప్పినవాడు తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ ఎక్కుతాడు. ఎవరూ 'వెనకబడరు', ఎందుకంటే అందరూ ఒకే రోజు ఒకే పేజీలో ఉండాలన్న నియమమే అక్కడ లేదు. తర్వాత తమిళనాడు ఈ పద్ధతిని తన ప్రభుత్వ బడులకు తీసుకెళ్లింది. మన దగ్గర పుట్టింది పొరుగింట్లో పెరిగింది, మనం మళ్లీ సిలబస్ పూర్తి చేసే పరుగులో పడ్డాం.

ఈ మధ్య వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్ని కూడా చూడండి. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. మీడియం గొడవలో మేం ఎటుపక్కో ఇక్కడ చెప్పం, మాలోనే నాలుగు అభిప్రాయాలున్నాయి. కానీ ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయిన పిల్ల ఎవర్నీ అడగకుండా, సిగ్గుపడకుండా, కళ్లు పక్కకు తిప్పి అర్థం తెచ్చుకోగలగడం చిన్న విషయం కాదు. ఎవరికి తెలుగు పేజీ కావాలని ఎవరూ పరీక్ష పెట్టి పంచలేదు. అందరి చేతిలోనూ రెండూ ఉన్నాయి.

ఒక భిన్నాల పాఠం

మాటలు చాలు. అయిదో తరగతి లెక్కల పాఠం ఒకటి మాలో కొందరం కలిసి తయారుచేసి చెప్పి చూశాం. అది ఎలా నడిచిందో రాస్తున్నాం.

ప్రశ్న: మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా?

టీచరు భిన్నం రాయకముందే కొట్టు గురించి అడిగింది. పావుకిలో, అరకిలో, ముప్పావు కిలో తెలియనివాళ్లు గదిలో లేరు. ముప్పావు అంటే నాలుగు పావుల్లో మూడని పిల్లలే చెప్పారు. తర్వాత అందరికీ పాత న్యూస్‌పేపర్లలోంచి ఒకే పొడవున కత్తిరించిన పట్టీలు రెండేసి ఇచ్చింది. ఒకదాన్ని మూడు సమాన మడతలు పెట్టాలి, ఇంకోదాన్ని నాలుగు. గోరుతో నొక్కిన మడత వేలికి తగులుతుంది. చూపు తక్కువున్న అమ్మాయి పట్టీలు రెండూ పక్కపక్కన పెట్టి వేళ్లతో తడిమి, అందరికన్నా ముందే నాలుగింట మూడు పొడుగని చెప్పింది. నాలుగు మడతలు తేలిగ్గా వచ్చాయి. మూడు సమాన మడతలు మాత్రం ఎవరికీ ఒక పట్టాన కుదరలేదు. అక్కడ పది నిమిషాలు పోయాయి. మా లెసన్ ప్లాన్‌లో ఆ పది నిమిషాలు లేవు.

బోర్డు మీద రాసేటప్పుడు టీచరు రాస్తున్నది పైకి చెప్పింది: పైన రెండు, కింద గీత, గీత కింద మూడు. 'ఇదిగో దీన్ని తీసుకెళ్లి దీంతో గుణిస్తే ఇది వస్తుంది' అనే వాక్యం మనందరి నోటికీ అలవాటు. బోర్డు కనపడని పిల్లకు ఆ వాక్యంలో ఏమీ లేదు. బోర్డు కనపడే పిల్లకు కూడా పెద్దగా ఏమీ లేదని తర్వాత తెలిసింది. ఇంకో నియమం: రాస్తూ మాట్లాడకూడదు. రాసి, ఇటు తిరిగి, అప్పుడు చెప్పాలి. బోర్డు వైపు తిరిగి చెప్పిన మాట బోర్డుకే వినపడుతుంది. చెవి సరిగా పనిచేయని పిల్లవాడు పెదవులు చూసి సగం పట్టుకుంటాడు. పైన ఫ్యాన్ టకటకలాడుతున్న గదిలో నాలుగో బెంచీ వాళ్లందరిదీ అదే పరిస్థితి.

చేయాల్సిన పనులు మూడు వాక్యాల్లో బోర్డు మూల రాసి, పీరియడ్ అయిపోయేదాకా చెరపలేదు. విన్న మాట మర్చిపోయేవాళ్లు తల తిప్పి చూసుకుంటారు. ప్రశ్న అడిగాక టీచరు మనసులో మూడు లెక్కపెట్టుకుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతులు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క క్షణమే ఆగుతున్నారని చూపించింది. మూడు క్షణాలు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు తెరుస్తారు. రూపాయి ఖర్చులేని సంస్కరణ ఇది. చెయ్యడం మాత్రం మహా కష్టం, నిశ్శబ్దంలో టీచరుకే కంగారు పుడుతుంది.

తండా నుంచి వచ్చే ఇద్దరు ఆడపిల్లలు ముందు లంబాడీలో మాట్లాడుకుని, తర్వాత తెలుగులో చెప్పారు. తెలిసింది చూపించడానికి మూడు దారులిచ్చాం: పట్టీలతో చూపిస్తూ నోటితో చెప్పొచ్చు, బొమ్మ గీయొచ్చు, అంకెల్లో రాయొచ్చు. రాతలో తడబడే కుర్రాడు బొమ్మ ఎంచుకున్నాడు. అందరూ పని చేస్తుంటే అప్పటికే అయిపోయి కిటికీలోంచి చూస్తున్న అమ్మాయికి 'ఈ రెంటికీ మధ్యలో ఇంకో భిన్నం ఉందా?' అని ఇచ్చాం. పైవి రెండూ కలిపి, కిందవి రెండూ కలిపి ఏడింట అయిదు అంది. సరిపోయింది. ఎందుకు సరిపోయిందో ఆ పిల్లకూ తెలియదు, నిజం చెప్పాలంటే అక్కడున్న ఇద్దరు టీచర్లకూ అప్పటికప్పుడు తెలియలేదు. అందరికీ అందే పాఠం అంటే అందరికీ తేలికైన పాఠం అని అనుకునేవాళ్లకు ఆ అమ్మాయే మా జవాబు.

మేం నమ్మనివి

ఫలానా పిల్ల చూసి నేర్చుకునే రకం, ఫలానావాడు విని నేర్చుకునే రకం అని ట్రైనింగుల్లో చెబుతుంటారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనోవిజ్ఞాన పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, పిల్లల 'రకాన్ని' బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. మేం పిల్లల్ని రకాలుగా విడగొట్టం. ఒకే విషయాన్ని అందరికీ నాలుగు దారుల్లో పెడతాం. ఎవరు ఏ దారి పట్టుకుంటారో ఆ రోజును బట్టి, ఆ పాఠాన్ని బట్టి ఉంటుంది.

పెద్ద టీవీ గోడకు బిగిస్తే పాఠం అందరికీ అందినట్టేనని కూడా నమ్మం. తెర మీద వీడియో వేసి, కింద అక్షరాలు లేకుండా, చూపు లేని పిల్లకు ఏం కనిపిస్తోందో ఎవరూ చెప్పకుండా నడిపితే అది పాత పాఠమే, కరెంటు బిల్లు అదనం.

ఇక మాకు ఎదురయ్యే పెద్ద ప్రశ్న: 'రెండు తరగతులు కలిపి ఒక్కడినే చూస్తున్నాను, యాప్‌లో ఫొటోలు పెట్టాలి, గుడ్లు లెక్కపెట్టాలి, ఇవన్నీ ఎప్పుడు చెయ్యను?' ఈ ప్రశ్న అడిగేవాళ్లను బద్ధకస్తులని మేం అనం. ఆ మాట నిజం. అందుకే రోజుకు ఆరు పీరియడ్లూ మార్చమని చెప్పడం లేదు. నెలకు ఒక్క పాఠం మార్చండి. దాన్ని నలుగురితో పంచుకోండి. నలుగురూ ఒక్కొక్కటి తెస్తే నెలకు నాలుగవుతాయి, అవి వచ్చే ఏడాదికీ ఉంటాయి. కొన్ని అలవాట్లకు అసలు తయారీయే అక్కర్లేదు: ఇటు తిరిగి మాట్లాడటం, రాసింది చదవడం, ప్రశ్న వేసి ఆగడం. అవి రేపే మొదలుపెట్టొచ్చు.

పరీక్ష దేన్ని కొలుస్తోంది?

ఎఫ్‌ఏ అయినా ఎస్‌ఏ అయినా సైన్సు పేపరు దిద్దేటప్పుడు మనం కొలిచేది కిరణజన్య సంయోగక్రియ తెలుసా అన్నదే కదా. చేతిరాత వేగం, అక్షరాల గుండ్రం, గంటలో ఎన్ని పేజీలు నింపిందన్నది కూడా మార్కుల్లోకి ఎందుకు వచ్చి చేరుతున్నాయి? ఒత్తులు తారుమారైతే తెలుగు పేపర్లో మార్కు తీసేయండి, అక్కడ కొలిచేది అదే. సాంఘికశాస్త్రంలో ఎందుకు తీస్తారు?

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ సినిమాగా కూడా వచ్చింది కాబట్టి అందరికీ తెలుసు. చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్లో సైన్స్ గ్రూపు అడిగితే నిబంధనలు ఒప్పుకోలేదు, పాఠాల్లో బొమ్మలూ గ్రాఫులూ ఉంటాయన్నారు. కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. జనం ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటారు. మాకు కనిపించేది వేరు. గ్రాఫును వేలితో చదివేలా గీయడం ఎవరూ ఆలోచించకపోవడం వల్ల ఒక పదహారేళ్ల కుర్రాడు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అంత పట్టుదల లేనివాళ్లు, లాయరు దొరకనివాళ్లు ఏమయ్యారు?

పెద్ద పరీక్షల విషయంలో చట్టం కొంత ముందుకు కదిలింది. 40 శాతం లేకపోయినా రాయలేని ఇబ్బంది నిజమైతే సహాయకుణ్ని ఇవ్వాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా బడి యూనిట్ టెస్టుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లక్కర్లేదు. కొలిచేది వేగం కానప్పుడు గడియారం చూపించి పేపరు లాక్కోకపోతే సరి. అందరికీ ఇంకో పావుగంట ఇవ్వండి. అక్కర్లేనివాళ్లు ముందే లేచి ఆడుకోవడానికి పోతారు.

ఫోనుకు అర్థంకాని తెలుగు

ఫోను చదవగలిగే తెలుగు పుస్తకం మేం అడిగేవాటిలో మొదటిది, ఖర్చులో ఆఖరిది. ఇప్పుడు ఏ ఆండ్రాయిడ్ ఫోనైనా తెలుగు చదివి వినిపిస్తుంది. కంప్యూటర్లో ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ కూడా చదువుతుంది. చూపు లేని పిల్లకు, అక్షరాలు కలిపి చదవడం కష్టమైన పిల్లకు, చదువురాని అమ్మానాన్నలకు ఇంతకన్నా వరం లేదు. కానీ తెలుగు డీటీపీలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పాత ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో చేసిన పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగు, ఫోనుకు మాత్రం అర్థంపర్థంలేని గుర్తుల వరస. స్కానింగు పేజీలైతే అసలు అక్షరాలే లేవు, ఫొటోలే. ఒక పాఠం అడిగితే ఫోను మూలిగినట్టు ఏదో గొణుగుతుంది.

చూడలేనివాళ్ల కోసం పుస్తకాల్ని వేరే రూపాల్లోకి మార్చుకోవచ్చని మన కాపీరైట్ చట్టం 2012 నుంచే చెబుతోంది. ఇదే పనికి ఉద్దేశించిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. చట్టం అడ్డం లేదు. పాఠ్యపుస్తకం ప్రెస్సుకు వెళ్లే రోజునే యూనికోడ్ పాఠం, ఈపబ్, బొమ్మల కింద ఆ బొమ్మలో ఏముందో రెండు వాక్యాలు, ఇవన్నీ కలిపి విడుదల చేయాలని అడుగుతున్నాం. తర్వాత మార్చాలంటే ఏళ్లు పడుతుంది. ముందే చేస్తే టైపు చేసేవాళ్లు ఫాంటు మార్చుకోవడమే.

ప్రభుత్వాలను అడుగుతున్నవి

వైకల్యమున్న పిల్లల్నీ చేర్చుకుని అందరితో కలిపి చదివించాలనే 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను ప్రభుత్వ నిధులు తీసుకునే బడులకే కాదు, గుర్తింపు పొందిన ప్రతి బడికీ వర్తిస్తుంది. ఫీజు కట్టించుకుని, పిల్లకు చెవి వినపడదని తెలిశాక 'మా దగ్గర సౌకర్యాలు లేవండీ' అని టీసీ చేతిలో పెట్టే బడులకు గుర్తింపు ఎలా రెన్యువల్ అవుతోంది? ఆ ఫారంలో ఈ ప్రశ్న చేర్చాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లుండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. ఏళ్లతరబడి కాంట్రాక్టు జీతాలతో మండలమంతా బండి మీద తిరిగే ఐఈఆర్‌పీలతో ఆ లెక్క ఎప్పటికీ తేలదు. ఆ పోస్టులు రెగ్యులర్‌గా నింపాలి.

సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో అదే కోర్టు అంది. బడి భవనానికి వర్తించే ఆ మాట బడి పాఠానికీ వర్తించాలి. ఎస్‌సీఈఆర్‌టీ తయారుచేసే ప్రతి పుస్తకాన్నీ, ప్రతి వీడియోనూ ముద్రణకు ముందు చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, గిరిజన భాషల పిల్లలతో పనిచేసేవాళ్లు చూసి సరేననాలి. డీఎల్‌ఈడీ, బీఈడీల్లో 'సమ్మిళిత విద్య' ఒక పేపరుగా రాసి పాసైపోతే చాలదు. లెక్కలు చెప్పడం నేర్పే పేపర్లోనే, సైన్సు చెప్పడం నేర్పే పేపర్లోనే అది కలిసిపోవాలి. లెసన్ ప్లాన్ ఫారంలో ఒక్క వరస చేర్చమంటున్నాం: 'ఈ పాఠం ఇలాగే చెబితే ఎవరు బయటపడతారు?'

కొత్త యాప్ మాత్రం వద్దు.

పని ఎలా చేస్తాం

సభ్యత్వ రుసుము లేదు, అధ్యక్షుడు లేడు. స్కూల్ కాంప్లెక్స్ స్థాయిలో బృందాలుంటాయి. ప్రతి బృందంలో వైకల్యమున్న పెద్దవాళ్లు కనీసం ఇద్దరుండాలి. వాళ్లు చూసి ఒప్పుకోకుండా ఏ పాఠమూ బయటికి పోదు. గౌరవానికి కుర్చీ వేసి కూర్చోబెట్టడం కాదిది, వాళ్లకు పాఠాన్ని ఆపే అధికారం ఉంటుంది. పిల్లలు కూడా చెబుతారు. పాఠం అయ్యాక 'ఎక్కడ అర్థం కాలేదు?' అని ఒక్క ప్రశ్న. 'అర్థమైందా?' అని అడగం, దానికి ఈ దేశంలో ఒకటే జవాబుంది.

కుదరని పాఠాలు కూడా రాసి పంచుకుంటాం. ఎవరి ఫొటోలూ తీయం, ముఖ్యంగా పిల్లలవి. వికలాంగ విద్యార్థితో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టుకునేవాళ్లకు ఇక్కడ చోటు లేదు.

మొదటి ఏడాది నాలుగు పాఠాలు పట్టుకున్నాం: ఒత్తులు, భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ, నదుల పటం. భిన్నాలు చెప్పి చూశాం. ఒత్తుల పాఠం సగంలో ఉంది. నదుల పటం ఇంకా కుదరలేదు. అట్ట మీద ఫెవికాల్‌తో దారం అంటించి గోదావరి గీస్తే, రాష్ట్రాల సరిహద్దులకూ అదే దారం వాడటంతో వేలికి రెండూ ఒకటే అయిపోయాయి. సరిహద్దుకు మందపాటి తాడు, నదికి సన్నదారం, ఊళ్లకు పెసరగింజలు పెట్టి చూడమని చూపు లేని సభ్యుడొకాయన సలహా ఇచ్చారు. అన్నీ ఒకే పటంలో పెట్టొద్దని, నదులకొకటి ఊళ్లకొకటి చేసి ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వమని కూడా అన్నారు. వచ్చే కాంప్లెక్స్ సమావేశంలో అదే పని. రావాలనుకున్నవాళ్లు ఒక పాత అట్టపెట్టె, జనపనార తాడు, గుప్పెడు పెసలు తెచ్చుకోండి. మీ తరగతిలో ఎప్పుడు చెప్పినా కొందరికి అందకుండా పోయే పాఠం ఏదుందో అది కూడా రాసి తీసుకురండి, అయిదోది అందులోంచి ఎంచుకుంటాం.